వీధివైపు తిప్పిన చెప్పులు

విశాఖపట్నంలో ఒక ప్లీడరు ఫీజుని, గ్లాసులో టీ చల్లారేలోగా సగానికి దించిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. కావలిస్తే ఆటోనగర్‌లో ఎవరినైనా అడగండి. నవ్వుతారు, కానీ కాదనరు.

పూర్ణా మార్కెట్లో బస్తాల మధ్య పెరిగినవాణ్ణి. మా తాతది చింతపండు కొట్టు, నాన్నది ఇనప సామాన్ల కొట్టు, చిన్నాన్నది కొబ్బరికాయల కొట్టు. ఎదుటివాడు చెప్పిన ధరకి ఏదైనా కొన్న పాపాన మా ఇంట్లో ఎవరూ పోలేదు. ఆస్పత్రిలో నాకు అపెండిక్స్ తీసిన రోజు, మత్తు దిగీ దిగకముందే "ఎంతో కొంత చూసి చెప్పండి" అని డాక్టరుగారిని అడిగానట. మా ఆవిడ ఇప్పటికీ పదిమందిలో చెబుతుంది. నేను సిగ్గుపడను. ఆయన తగ్గించాడు మరి.

అలాంటి నాకు ఆ ప్లీడరమ్మ తన ఫీజు చెప్పింది. నేను అలవాటు చొప్పున గుండె మీద చెయ్యి వేసుకుని, అందులో సగం అన్నాను. ఆ తర్వాత జరగాల్సిన తంతు ఒకటుంది. ఆవిడ తల అడ్డంగా ఊపాలి, నేను లేచి గుమ్మం దాకా వెళ్ళాలి, వెనకనుంచి ఆవిడ "ఆగండాగండి" అనాలి. ఇవేవీ జరగలేదు.

"సరేనండి," అంది.

మొదటి మాటకే ఇచ్చేస్తానన్న సరుకుని ముట్టుకోవద్దని మా నాన్న ఎన్నోసార్లు చెప్పాడు. ముట్టుకున్నాను.

"ఒక్కటేనండి. కోర్టులో ఏది ముందు చెప్పాలో, ఏది వెనక చెప్పాలో నా ఇష్టం. అందులో మాత్రం మీరు బేరం పెట్టకూడదు."

ముందూ, వెనకా! దానికి ఖరీదు కట్టేవాడెవడు? "తీసుకోండి మేడం, దానిదేముంది" అని కొసరు కింద పడేశాను. అంత విలువైన వస్తువుని కొసరుగా ఇచ్చేసినవాడు మా వంశంలో ఇంకొకడు లేడు. ఆ ఘనత కూడా నాదే.

ఆవిడ పోయింది.

ఆ కబురు చెప్పినవాడు అప్పలరాజు బావ. బావంటే చుట్టరికం కాదు, మా వైపు మగాళ్ళం ఒకళ్ళనొకళ్ళం అలా పిలుచుకుంటాం. ఆటోనగర్‌లో నా పక్క కొట్టు అతనిది. ఇద్దరం అమ్మేది ఒకటే సరుకు, వెల్డింగ్ షాపులకి ఆక్సిజన్ సిలిండర్లు. ఆ కేసు తర్వాత అతను నాతో మాట మానేశాడు. అలాంటి మనిషి పక్క కొట్లోంచి ఫోన్ చేసేసరికి, వెనక షెడ్డుకి నిప్పంటుకుందేమోనని పరిగెత్తబోయాను.

"బావా, ఇన్నావా? ప్లీడరమ్మ పోనాది."

"ఏటి?"

"రైతుబజార్లోనట. రెండు కొట్ల మద్దిన పడిపోనాదట. సేతిలో వంకాయలు అలగే ఉన్నాయట."

  మా రెండు కొట్ల ముందునుంచి వెళుతున్న లారీ చప్పుడు ఒకసారి వీధిలోంచి, ఒకసారి ఫోన్లోంచి వినిపించింది. మొన్నమొన్ననే ఈ అరుగు ముందు నిలబడి గోలీసోడా తాగిన మనిషి. తాగి, తేన్చి, "బావుందండి" అన్న మనిషి.

ఆవిడ జీవితచరిత్ర నాకు తెలియదు. పెళ్ళయిందో లేదో, పిల్లలున్నారో లేదో ఎప్పుడూ అడగలేదు. తండ్రి గోదావరి అవతలనుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చాడని ఒకసారి అంది. ఆవిడ పుట్టడం, పెరగడం, వాదించడం అంతా ఈ ఊళ్ళోనే. అయినా ఆ 'అండి' మాత్రం పోలేదు. ఆటోవాడికీ అండి, జడ్జిగారికీ అండి, తిట్టేటప్పుడూ అండి. భుజానికి గుడ్డసంచీ, అందులో చట్టం పుస్తకం, దానిమీద కొత్తిమీర కట్ట.

నాకు బాగా తెలిసినవి ఆవిడ చెప్పులు. కొట్టు వెనక నా ఆఫీసు గది గుమ్మం దగ్గర విడిచేది. విడిచి, వెనక్కి తిరిగి, వంగి, వాటి ముక్కులు వీధివైపు తిప్పి పెట్టేది. ఎక్కడికెళ్ళినా అంతే. గదిలో కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, దాని వీపు మీద చెయ్యి వేసుకుని నిలబడేది. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"లేచి వెళ్ళిపోగలననే సంగతి ఎదుటివాళ్ళకి కనబడుతూ ఉండాలండి," అంది. "అప్పుడు వాళ్ళు చక్కగా మాట్లాడతారు."

ఆవిడతో మాకు పనిపడిన కారణం చెప్పాలి. మా ఊరికి ఆక్సిజన్ నింపి పంపే కంపెనీలు రెండు. ఒకదాని ప్లాంటు పరవాడ వైపు, రెండోదాని ప్లాంటు ఊరికి ఇవతల. నా బతుకంతా ఆ రెంటి మధ్యే. వీళ్ళ దగ్గరికెళ్ళి "వాళ్ళు తగ్గిస్తున్నారు" అనేవాణ్ణి, వాళ్ళ దగ్గరికెళ్ళి "వీళ్ళు ఇంకా తగ్గిస్తున్నారు" అనేవాణ్ణి. రెండూ సగం సగం నిజాలే. ఒకరోజు పేపర్లో చూస్తే ఆ రెండు కంపెనీలూ ఒకటైపోతున్నాయి. వ్యాపారాల్లో పోటీని కనిపెట్టి చూసే కమిషన్ ఒకటుంది ఢిల్లీలో. ఆటోనగర్ డీలర్లం ఉత్తరం రాశాం. అందింది అన్నారు. తర్వాత విలీనానికి సరేనన్నారు. ఒకటయ్యాక ఒక ప్లాంటు మూసేస్తారని, పెద్ద షాపులకి లారీలతో తామే నేరుగా పంపుకుంటారని సేల్స్‌మన్లే చెప్పేశారు. అంటే నా కొట్టుకి తాళం. దానిమీద ట్రిబ్యునల్‌కి అప్పీలు వెయ్యాలి, గడువు దగ్గర పడింది. ఢిల్లీ లాయర్లని కనుక్కుంటే గంటకింత అన్నారు. "ఆలోచించుకునే గంటలకి కూడానా?" అని అడిగాను. వాటికే ఎక్కువట.

అప్పుడెవరో ఈవిడ పేరు చెప్పారు. వినియోగదారుల కోర్టులో ఫ్రిజ్‌ల మీదా, కేబుల్ టీవీల మీదా కేసులు వాదించేది. ఈ పోటీ చట్టం వచ్చినప్పట్నించీ చదువుతోందట. ఒక్క కేసూ రాలేదట. నా సగం ఫీజుకి ఎందుకు ఒప్పుకుందో నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. ఆకలితో ఉన్నది ఆవిడ. బేరం చేశాననుకున్నది నేను.

"ఆ చట్టం ఏమంటుందో కాస్త చెప్పండి మేడం," అన్నాను.

"రండి, వంకాయలు కొనాలి," అంది.

రైతుబజారుకి తీసుకెళ్ళింది. ఒక కొట్టు ముందు ఆగి వంకాయ చేత్తో పట్టుకుని ధర అడిగింది, ఒక్కసారే. అమ్మే ఆమె చెప్పింది. ఈవిడ మాట్లాడలేదు. నాకు ఆగలేదు. పుచ్చులున్నాయన్నాను, నిన్నటి కాయలన్నాను, ముచ్చికలు వాడాయన్నాను. ఆమె తగ్గించింది. నేను ఈవిడవైపు చూశాను, చూశారా అన్నట్టు.

"ఎందుకు తగ్గించిందంటారు?"

"నోరు మేడం. చిన్నప్పట్నించీ ఉన్న నోరు."

"కాదండి. నా కాళ్ళు చూసింది. అప్పటికే నేను పక్క కొట్టువైపు తిరిగాను."

నేను ఒప్పుకోలేదు. వాదించకుండా బజారు ఆ చివరికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక ముసలామె పనసపొట్టు కొట్టి అమ్ముతోంది. ఆ రోజు బజారు మొత్తమ్మీద పనసపొట్టు ఆమె దగ్గరే ఉంది.

"ఇప్పుడు ఆడండి బేరం."

నా దగ్గరున్న అస్త్రాలన్నీ వేశాను. కాయ ముదిరిందన్నాను, పొట్టు నల్లబడిందన్నాను. ముసలామె కత్తి ఆపలేదు, తలెత్తలేదు. ఆఖరికి లేచి నాలుగడుగులు వేశాను. మామూలుగా ఆ అడుగుల్లో వెనకనుంచి పిలుపు రావాలి.

"తీసుకుంతే తీసుకో బాబూ, నేపోతే ఒగ్గీ," అంది పొట్టు కొడుతూనే.

నేనే వెనక్కొచ్చాను. ఆమె చెప్పిన ధరకే కొన్నాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాను, అబద్ధం చెప్పను. నా నోరు అదే, నా గుండె మీద చెయ్యి అదే. పక్కన ఇంకో కొట్టు లేకపోయేసరికి నేను ఒట్టి గిరాకీగాణ్ణయిపోయాను.

"ఇదేనండి మన కేసు," అంది ఆవిడ, సంచీలో పనసపొట్టు సర్దుకుంటూ. "ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు మిగలాలి. చట్టం అడిగేది అదే." ఆ పనసపొట్టు కూడా ఆవిడే తీసుకెళ్ళింది.

ఇక మా ఆచారం గురించి. ప్రతి నెలా మొదట్లో ఆటోనగర్ డీలర్లందరం గాజువాకలో ఒక టిఫిన్ హోటల్లో కలుసుకునేవాళ్ళం. పెసరట్లు వచ్చాక, మాలో పెద్దవాడు కాబట్టి అప్పలరాజు బావ మంచినీళ్ళ గ్లాసులో వేలు ముంచి, బల్ల రాతి మీద ఒక అంకె వేసేవాడు. ఆ నెల సిలిండర్ రేటు అది. అందరం తొంగి చూసేవాళ్ళం. పెసరట్టు సగం అయ్యేసరికి అంకె ఆరిపోయేది. ఎవరూ దాని గురించి ఒక్క మాట అనుకునేవారు కాదు, పిల్లల చదువుల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆ నెలంతా ఏ కొట్లో అడిగినా అదే రేటు. ఒకరి గిరాకీని ఒకరు లాక్కోకపోవడమే మర్యాద అనుకునేవాళ్ళం. బావ కూతురి పెళ్ళిలో వడ్డనలు చేసింది మేమే, నా కొట్టు షెడ్డు గాలివానకి ఎగిరిపోతే మళ్ళీ రేకులేసింది వాళ్ళే. ఈ రేటు కూడా అందులో భాగమే, మా లెక్కలో.

"మీ వ్యాపారం ఎలా నడుస్తుందో మీ మాటల్లో రాసివ్వండి. దాన్నిబట్టి నేను అఫిడవిట్ తయారు చేస్తాను," అంది ఆవిడ.

రాశాను. నా తెలుగు మంచిదని స్కూల్లో పేరు. ట్రిబ్యునల్ వారి గుండె కరగాలని ఒక పేరా ప్రత్యేకంగా రాశాను. 'మేమందరం అన్నదమ్ముల్లా నెలనెలా కూర్చుని ఒకే రేటు నిర్ణయించుకుంటాం. ఎవరూ ఆ మాట దాటరు. ఇంతటి ఐకమత్యాన్ని ఈ విలీనం నాశనం చేస్తుంది.' ఆ ఐకమత్యం దగ్గర నా కళ్ళే చెమర్చాయి. ఏళ్ళ తరబడి మా వాళ్ళు నీళ్ళలో దాచుకున్నదాన్ని నేను సిరాతో రాసి, చదవమని ఒక ప్లీడరు చేతికిచ్చాను.

ఆవిడ నా గదిలో నిలబడి చదివింది. బావ కూడా ఉన్నాడు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆవిడ కూర్చోగా చూడ్డం అదే మొదలు. నేను లేచి నిలబడ్డాను.

"ఇది ఎవరు రాశారండి?"

"నేనే మేడం," అన్నాను, మెచ్చుకుంటుందేమోనని ఇంకా ఆశ చావక.

"మీరు దొంగలండి."

ఎంత మర్యాదగా అందంటే, అది తిట్టని బావకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఏటమ్మా, అలగంటావు? నానెవుడి జేబులో సెయ్యెట్టినాను?"

"ఈ రోడ్డు మీదున్న ప్రతి వెల్డింగ్ షాపువాడి జేబులోనండి. మీ దగ్గర బేరం కుదరక అతను పక్క కొట్టుకి వెళితే అక్కడా ఇదే రేటు. ఇంకో కొట్టుకి వెళితే అక్కడా ఇదే. కొట్లన్నీ తెరిచే ఉంచారు, అతని కాళ్ళు మాత్రం విరగ్గొట్టారు."

"ఊరంతా ఇలగే సేత్తన్నారమ్మా. అయినా కాయితం మీదేటైనా ఉన్నాదేటి? నీల్లతో రాత్తాం. ఆరిపోతాది."

"ఇదిగోనండి, ఇప్పుడుంది." నా కాగితం ఎత్తి చూపించింది.

బావ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను. ఆవిడ చెప్పుకుపోయింది. ఏ చట్టం కింద మేం న్యాయం అడగబోతున్నామో, సరిగ్గా ఆ చట్టం కిందే మేం చేసేది నేరమట. మాకు అప్పటిదాకా తెలియదు. పోలీసు స్టేషన్లో దొంగతనం ఫిర్యాదు ఇవ్వడానికి, దొంగ సైకిలెక్కి వెళ్ళినట్టయింది మా పని.

"ఆ పేరా కొట్టెయ్యండి మేడం," అన్నాను.

"అవతలి కంపెనీల సేల్స్‌మన్లు టిఫిన్ ఎక్కడ చేస్తారండి?"

అదే హోటల్లో. పక్క బల్ల మీద. ఒక్కోసారి మా బిల్లు కూడా వాళ్ళే కట్టేవారు.

"వాళ్ళు కోర్టులో ఈ సంగతి చెప్పకుండా ఊరుకుంటారా? ఈ నెలనుంచి మీ బల్ల ఆపెయ్యాలి. ఆపి, జరిగినది మనమే చెప్పాలి. కాదంటే నా చెప్పులు ఎటు తిరిగి ఉన్నాయో చూశారుగా."

నేను ఊరుకుంటానా? "పోనీ సగం చెబుదాం మేడం. ఎప్పుడైనా ఒకసారి కూర్చునేవాళ్ళం అందాం."

"మీరు సిలిండర్లో సగం మామూలు గాలి నింపి ఆక్సిజన్ అని అమ్ముతారా?"

"అమ్మం మేడం."

"ఏం?"

"మంట సరిగ్గా రాదు."

"అదేనండి."

ఆ నెల పెసరట్లు మానేశాం. ఆవిడ రాసిన అఫిడవిట్‌ని వాక్యం వాక్యం తెలుగులో చదివి వినిపించింది. అందులో అంతా ఉంది, బల్లా, నీళ్ళూ కూడా. అందరం సంతకాలు పెట్టాం. బావ పెడుతూ నా చెవిలో అన్నాడు, "ఇన్ని పేజీలెవుడు సదువుతాడు బావా? మద్దిలో ఎక్కడో పడుంటాది." నేనూ అదే అనుకున్నాను. మద్దిలో పడుండాలా, మొదట ఉండాలా అనేది మా చేతిలో లేదని, దాన్ని నేను టీ గ్లాసు దగ్గరే కొసరుగా ఇచ్చేశానని మర్చిపోయాను.

విచారణ వీడియోలో. ఆవిడ ఇంటి దగ్గర ఏదో ఇల్లు కూలగొడుతుండడంతో నా గదిలోనే పెట్టుకున్నాం. మా వీధిలో గ్రైండర్లు, కటింగ్ మెషీన్లు కాసేపు ఆపమని షాపు షాపుకీ తిరిగి బతిమాలాను. ఆపారు. పగటిపూట ఆటోనగర్‌లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఎక్కడో కాకి అరిస్తే ఉలిక్కిపడ్డాను. ఆవిడ నల్లకోటు, మెడలో తెల్లపట్టీ, కింద వట్టి కాళ్ళు. చెప్పులు గుమ్మం దగ్గర, వీధివైపు. నిలబడే వాదిస్తానంది, ల్యాప్‌టాప్ కింద పుస్తకాలు పేర్చి ఎత్తు చేశాం. డీలర్లందరం కెమెరాకి కనబడకుండా గోడకి ఆనుకుని కూర్చున్నాం.

తెర మీద ట్రిబ్యునల్ సభ్యులు. ఇంకో గడిలో కంపెనీల తరఫున పెద్ద లాయరు, వెనక గోడంతా పుస్తకాలు. నాకొచ్చిన ఇంగ్లీషు బిల్లుల ఇంగ్లీషే, చాలావరకు తర్వాత ఆవిడ తెలుగులో చెబితే తెలిసింది. అయినా ఆవిడ మొదటి వాక్యం అప్పటికప్పుడే అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేది.

"నా క్లయింట్లు చేసిన తప్పుతో మొదలుపెడతానండి. వీళ్ళు చాలా ఏళ్ళు కూడబలుక్కుని ఒకే రేటుకి అమ్మారు."

నా పక్కన స్టూలు పడిపోయిన చప్పుడు. బావ లేచి నిలబడ్డాడు. నోటికి చెయ్యి అడ్డంపెట్టుకున్నా మాట ఆగలేదు. "అమ్మ బాబోయ్! మన ప్లీడరే మనల్ని దొంగలంతన్నాది!"

తెర మీద ఒక సభ్యుడు కళ్ళజోడు తీశాడు. "మేడం, మీరు అప్పీలు వేసినవాళ్ళ తరఫున కదా?"

"వాళ్ళ తరఫునేనండి."

పెద్ద లాయరు ముందున్న ఫైలు మూసి, చేతులు కట్టుకుని చిన్నగా నవ్వాడు.  నా కొట్టు, నా షెడ్డు, నా తాళం కళ్ళముందు తిరిగాయి. ల్యాప్‌టాప్ మూసేద్దామా అని లేచి చెయ్యి ముందుకు చాచాను కూడా. ఆవిడ చూడకుండానే ఆ చేతి మీద తన చెయ్యి వేసి, నెమ్మదిగా పక్కకి పెట్టింది.

తర్వాత పక్కనున్న మంచినీళ్ళ గ్లాసులో వేలు ముంచింది. బల్ల కెమెరాకి కనబడేలా ల్యాప్‌టాప్ తెరని కాస్త వంచి, నా బల్ల మీద నీళ్ళతో ఒక అంకె వేసింది.

"ఇలా రాసేవారండి. పెసరట్లు తింటూ. చిన్న చిన్న కొట్లవాళ్ళు, ఒకరి రేటు ఒకరికి తెలిసేలా చేసుకున్నారు, అంతే. దానికే ఊళ్ళో సిలిండర్ రేటు పైకి పోయింది. రెండు కొట్ల మధ్య పోటీ చచ్చిపోతే ఏమవుతుందో ఊహించమని మిమ్మల్ని అడగడం లేదు. జరిగిందే చూపిస్తున్నాను. నా సాక్ష్యం నా క్లయింట్లే."

ఫ్యాను గాలికి అంకె అంచులు ఆరుతున్నాయి.  అంతమంది పెద్దమనుషులు ఢిల్లీలో కూర్చుని ఆటోనగర్‌లో ఒక బల్ల ఆరడం చూశారు.

"ఆరిపోయింది చూడండి. వీళ్ళు ఆపేశారు, ఆరిపోయింది. ఇప్పుడు ఈ రెండు కంపెనీలూ ఒకే బల్ల దగ్గర శాశ్వతంగా కూర్చుంటామంటున్నాయి. కమిషన్ సరేనంది. ఈ రాత ఆరదండి."

పెద్ద లాయరు మళ్ళీ ఫైలు తెరిచాడు. చాలాసేపు కాగితాలు తిప్పాడు. మమ్మల్ని దొంగలనడానికి ఆయన తెచ్చుకున్న మాటలన్నీ ఆవిడ ముందే వాడేసింది, అదీ ఆయన మీద. ఆ పూట ఆయన గంటల లెక్కన తీసుకున్న డబ్బుకి నేను జాలిపడ్డాను.

విచారణ అయ్యాక బావ విరుచుకుపడ్డాడు. ఆవిడమీద కాదు, నామీద. "ఫీజు సగానికి కోసినావని మురిసిపోనావు గదేటి! ఆ రెండో సగం ఇప్పుడు మేమందరం కడతన్నాం!" ఆవిడ కోటు మడతపెట్టుకుని చెప్పులేసుకుంది. వంగక్కర్లేదు, తిరగక్కర్లేదు, సిద్ధంగానే ఉన్నాయి. వీధిలోకి దిగుతూ, "గ్రైండర్లు వేసుకోమని చెప్పండి, పాపం," అంది.

తీర్పు వచ్చేసరికి ఎండలు వెళ్ళి వానలు పడ్డాయి. కంపెనీలు కలవొచ్చు గాని పరవాడ వైపు ప్లాంటుని ముందు బయటివాళ్ళకి అమ్మెయ్యాలన్నారు. అమ్మారు. మాకు మళ్ళీ ఇద్దరు సరఫరాదారులు, నాకు మళ్ళీ రెండు సగం నిజాలు. మా నీళ్ళ రాత మీద వేరే విచారణ జరిగి జరిమానా వేశారు, మేమే ముందుకొచ్చి చెప్పాం కాబట్టి తగ్గించి. బావ తన వాటా కట్టి, నాతో మాట మానేశాడు.

ఆవిడ మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఎప్పుడో ఒకసారి సంచీతో దిగేది. వీధిలోనే నిలబడి, "ఇవాళ ఆక్సిజన్ ఎంతండి?" అని నన్ను అడిగేది. చెప్పేవాణ్ణి. పక్కకెళ్ళి బావని అడిగేది. మేం చెప్పిన రేట్లు ఒకటే అయితే ఇద్దరివైపూ అనుమానంగా చూసి వెళ్ళిపోయేది. వేరు వేరుగా ఉంటే ఎదురుగా బండి దగ్గర గోలీసోడా కొట్టించుకుని, ఎండలో నిలబడి మా ఇద్దర్నీ చూస్తూ తాగేది. సినిమా చూస్తున్నట్టు. ఆఖరిసారి వచ్చినప్పుడూ తాగింది.

బావ ఫోన్ పెట్టేశాక ఆవిడ ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు చెప్పుల గుట్ట. కోర్టువాళ్ళ బూట్లు, పక్కింటివాళ్ళ హవాయి చెప్పులు, బజారు నుంచి వచ్చినట్టున్న మట్టి చెప్పులు. లోపల ఆవిణ్ణి పడుకోబెట్టారు. ఆ మనిషి కూర్చోగా నేను చూసింది ఒక్కసారే, పడుకుని ఉండడం చూడలేకపోయాను. బయటికొచ్చేసరికి బావ వస్తున్నాడు. చెప్పులు విడిచి రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి, వంగి, వాటిని వీధివైపు తిప్పాడు. నేను చూడడం చూశాడు.

"ఏటి సూత్తన్నావు? బేగి ఎల్లాలి, కొట్టు తెరిసొచ్చినాను," అన్నాడు. 

ఇక బిల్లు. ఈ ఉదయం గేట్లూ గ్రిల్సూ చేసే పాత గిరాకీ వచ్చాడు. మా కొట్టు తెరిచినప్పట్నించీ నా దగ్గరే కొనేవాడు.

"అన్నా, ఆక్సిజన్ ఎంత?"

చెప్పాను. అతను పుచ్చు ఉందనలేదు, గుండె మీద చెయ్యి వేసుకోలేదు. ఒక కాలు పక్క కొట్టువైపు తిప్పాడు.

"ఆగాగు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని గ్రహించేలోగా అతను వెళ్ళిపోయాడు. కాసేపటికి బావ తన కొట్లోంచి నిండు సిలిండరుని అంచుమీద గిరగిరా దొర్లిస్తూ బయటికి తెచ్చాడు. నావైపు చూసి కనుబొమలెగరేశాడు.

ప్లీడరు ఫీజులో సగం మిగిలింది. అది జరిమానాలో పోయింది. నెలనెలా వచ్చే పెసరట్టు లాభం పోయింది. పాత గిరాకీ ఒకటి ఈ ఉదయమే, కళ్ళముందే పోయింది. బావ మాట్లాడుతున్నాడు. కొట్టు ఉంది. పక్క కొట్టూ ఉంది.